బొటనవేలితో ఎంచిన క్యామ్

జగన్మోహన్ తెచ్చిన లారీ ఇంజన్ క్యామ్‌షాఫ్ట్‌ను మెకానిక్ చంద్రయ్య కళ్ళతో చూడనే లేదు. నూనె కాగితం విప్పి, కడ్డీని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, కుడిచేతి బొటనవేలిని ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా నడిపించాడు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది.

"ఇది కొత్తది గాదు సేటు," అన్నాడు. "అరిగినదాన్ని సానవట్టి, నూనె రాసి, కాయితం జుట్టిన్రు. ఐదో బొడిపె కురుచగున్నది."

జగన్మోహన్‌కు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర లారీ సామాన్ల దుకాణం. పెద్ద దుకాణం, పెద్ద గొంతు. నీ వేలికేమన్నా దుర్బిణీ బిగించి ఉందా అని నవ్వాడు. చంద్రయ్య నవ్వలేదు, కడ్డీని తిరిగి చేతికివ్వలేదు. మాట మీద మాట పెరిగింది. నాచారం నుంచి మల్లాపూర్ పోయే ఆ దారిలో అటు రెండు షెడ్లు, ఇటు రెండు షెడ్లు పని ఆపి వచ్చి నిలబడ్డాయి. ఎదురుగా రేకుల కింద చాయ్ అమ్మే శ్యామలమ్మ పొయ్యి తగ్గించి, గ్లాసుల పళ్ళెం చేత్తో పట్టుకునే వచ్చింది. కొట్లాటను దూరం నుంచి చూడడం ఆమెకు చేతకాదు.

చివరికి పక్క షెడ్డు లేతు మిషను మనిషి కొలత పరికరం తెచ్చాడు. ఒక్కొక్క బొడిపెనూ కొలుచుకుంటూ పోయాడు. నాలుగోది సరిగ్గా ఉంది. ఐదోది తక్కువ. ఎంత తక్కువంటే రెండు తలవెంట్రుకలంత. ఆ మనిషి కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ కొలిచాడు. అదే లెక్క వచ్చింది.

జగన్మోహన్ కాగితం చుట్టుకుంటుంటే శ్యామలమ్మ గ్లాసు చేతికిచ్చింది. "తాగు సేటు. చక్కెర జర ఎక్కువేసిన. నోరు చేదయి ఉంటది."

ఇది రెండువేల మూడు నాటి మాట. ఆ రోజు నుంచి ఆ దారిలో చంద్రయ్య బొటనవేలితో వాదించినవాడు లేడు. చంద్రయ్య కూడా వాదించలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అప్పటికి చంద్రయ్యకు యాభై దాటాయి. ఆలేరు పక్క పల్లె నుంచి పదిహేనేళ్ళప్పుడు వచ్చి, ముషీరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఇంజన్లు కడగడంతో మొదలుపెట్టి, సొంత షెడ్డు దాకా వచ్చిన మనిషి. మాటలు తక్కువ. ఇంజన్ మీద చెయ్యేసి కాసేపు నిలబడితే, దాని లోపల ఏ సిలిండర్ అలిసిపోయిందో చెప్పేవాడు. చెవి అంతటిది. అన్నం తింటున్నా సరే, రోడ్డు మీద పోయే లారీ చప్పుడు విని ముద్ద చేతిలోనే ఆపేవాడు. శ్యామలమ్మ ఆయనను తమ్మీ అనేది. ఆయన ఆమెను అక్కా అనేవాడు. చుట్టరికం లేదు. ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఇరవై ఏళ్ళు దుమ్ము తినడమే చుట్టరికం.

శ్యామలమ్మ చదివింది రెండో తరగతి. పేరు రాయగలదు, బస్సు మీది బోర్డు కూడబలుక్కోగలదు. చదువు రాదన్న బాధ ఆమెకు ఎన్నడూ లేదు. చదువుకున్నవాళ్ళను చూసి కలిగే చిరాకు మాత్రం ఉండేది. ఆమె నోటి ముందు నిలిచిన మగవాడు ఆ దారిలో ఒక్కడూ లేడని అందరూ అనేవాళ్ళు. అది పొగడ్తేనని ఆమె చాలాకాలం అనుకుంది.

కొమురెల్లి నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. లారీ సొంతమే, పాతదే. అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు, బోర్లు ఎండుతున్న రోజులు, ఎండాకాలం వచ్చిందంటే ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా అతని కోసం ఎదురుచూసేవాళ్ళు. లారీని పెండ్లికొడుకులా కడిగేవాడు. రెండువేల ఆరులో చర్లపల్లి దగ్గర ఒక ట్రాలీ వచ్చి గుద్దింది. ఎడమకాలు మోకాలు దగ్గర నుజ్జయింది. దవాఖానాలో నాలుగు నెలలున్నాడు. కాలు నిలిచింది కానీ మడత పడలేదు. క్లచ్ తొక్కలేని డ్రైవర్‌ను డ్రైవర్ అనరు. ఇంకొకణ్ణి పెట్టుకుని తోలించుకోమని అందరూ చెప్పారు. పక్క సీట్లో కూర్చుని రెండు రోజులు తిరిగి, మూడో రోజు దిగిపోయాడు. వచ్చి చంద్రయ్య షెడ్డులో పాత టైరు మీద కూర్చున్నాడు.

"చంద్రన్నా, నేను ఆ సీట్ల కూసోకుంటే బతకలేను," అన్నాడు. అంతే అన్నాడు.

నెల తర్వాత చంద్రయ్య ఒక పాత డంపర్‌లోని గేర్‌బాక్సును లారీ మీద వేసుకుని వచ్చాడు. ఎక్కడో గనుల్లో తిరిగి తుక్కుకు వచ్చిన డంపర్ అది. దానికి క్లచ్ ఉండదు. క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. శ్యామలమ్మకు అర్థమయ్యేలా చంద్రయ్య అది విప్పి చూపించాడు. నూనె నిండిన డబ్బాలో ఎదురెదురుగా రెండు పంఖాలు. ఇంజన్ ఒకదాన్ని తిప్పితే, ఆ నూనె సుడి తిరిగి రెండోదాన్ని తిప్పుతుంది. రెంటికీ మధ్య ఇనుము ఇనుమును ముట్టదు, నూనే పట్టుకుంటుంది. కాలితో తొక్కి విడదీయాల్సిన పని లేదు. కుడికాలు ఒక్కటి చాలు.

ఆ మాట విన్న కొమురెల్లి లేచి నిలబడి, తన కుడికాలి వైపు చూసుకున్నాడు. అతని భార్య దుర్గమ్మ షెడ్డు గడప మీద కూర్చుని ఏడ్చింది. శ్యామలమ్మ ఆమెకు చాయ్ పోసి, ఏడిస్తే చాయ్ ఉప్పనవుతుందని కసిరింది.

డంపర్ గేర్‌బాక్సును లారీ ఇంజన్‌కు కూర్చడం ఆ చుట్టుపక్కల ఎవరూ చేయని పని. చంద్రయ్య ఏడు నెలలు చేశాడు. వేరే బండ్ల పని అయ్యాక దీని మీద కూర్చునేవాడు. రెండువేల ఏడు వానాకాలం నాటికి బండి కదిలింది. కదిలింది కానీ, నీళ్ళు నింపి చంద్రయ్యే తోలి చూస్తే హబ్సిగూడ ఎక్కుడు మీద పాకింది. నూనెలో సగం బలం కరిగిపోతోంది. వెనక ఆటోల హారన్లు, ముందు పొగ. మిగతా ట్యాంకర్ల వాళ్ళు పక్కనుంచి దాటుతూ చేతులూపారు. సాయంత్రం శ్యామలమ్మ కూడా ఊరుకోలేదు. కొమురెల్లి బండి వెనక నడిచిపోతే ముందుగా తానే ఇల్లు చేరతానంది.

అప్పుడు చంద్రయ్య క్యామ్ మార్చాలనుకున్నాడు. ఇంజన్ ఊపిరి పీల్చే, వదిలే మూతలను ఎత్తి దించేది ఆ కడ్డీయే. బొడిపెలు ఎత్తుగా, వెడల్పుగా ఉంటే ఇంజన్ ఎక్కువ ఊపిరి తీసి, వేగం మీద గట్టిగా లాగుతుంది. కానీ నిలబడి ఉన్నప్పుడు వణుకుతుంది, ఆగిపోతానంటుంది. బొడిపెలు తగ్గుగా ఉంటే నిలకడ ఉంటుంది, దూకుడు ఉండదు. చంద్రయ్య దగ్గర రెండూ ఉన్నాయి. ఒకటి ఆ ఇంజన్‌తో పుట్టిన నిమ్మళమైన కడ్డీ. రెండోది పెద్ద బొడిపెలతో తాను దగ్గరుండి సాన పట్టించినది. రెండిటినీ బల్ల మీద పెట్టుకుని, బొటనవేలు రాస్తూ రెండు రోజులు కూర్చున్నాడు.

ఆ రెండో రోజే అచ్యుతరావు వచ్చాడు.

అచ్యుతరావుది కృష్ణా జిల్లా. మట్టి తవ్వే పెద్ద యంత్రాల మీద ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసి, రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున నడకకు వచ్చి శ్యామలమ్మ దగ్గర చక్కెర లేని చాయ్ తాగేవాడు. చక్కెర లేని చాయ్ తాగేవాణ్ణి ఆమె ఎట్లాగూ నమ్మదు. పైగా ప్రతిదీ కాగితం మీద గీసి చెప్పే అలవాటు. ఆ రోజు కన్వర్టర్‌ను తిప్పి తిప్పి చూసి, జేబులోంచి కాగితం తీసి గీతలు గీశాడు.

"చంద్రయ్యగారూ, క్యామ్ సంగతి తర్వాత. ముందు ఈ కన్వర్టర్ ఇంజన్ని ఎంత వేగం దగ్గర పట్టుకుంటుందో చూడాలి. ఇది డంపర్‌ది, చాలా తొందరగా పట్టుకుంటుంది. మీరు పెద్ద క్యామ్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా నిలకడ వేగం పెంచాల్సి వస్తుంది. పెంచారనుకోండి, కాలు పెట్టకపోయినా బండి ముందుకు తోసుకుంటూనే ఉంటుంది. పెద్ద క్యామే కావాలంటే ఇంకొంచెం వదులుగా పట్టుకునే కన్వర్టర్ వెతకండి. ఇదే కన్వర్టర్ అంటారా, పాత క్యామ్ వేసేయండి. రెండూ కలవ్వు."

చంద్రయ్య చెయ్యి నిమ్మళమైన కడ్డీ మీదికి పోయింది. శ్యామలమ్మ చూసింది. ఆ చెయ్యి అటు పోవడం ఆమెకు నచ్చలేదు. నలుగురి ముందు తన తమ్ముణ్ణి, కాగితం పట్టుకొచ్చిన ఆంధ్రాయన పాఠం చెప్పి గెలవడం నచ్చలేదు.

"సారూ, గీ కాయితాల మీద మీరెన్ని బండ్లు తోలిన్రు?" అంది. "మా చంద్రయ్య ఏలు చెప్పనిది మీ గీతలు చెప్తయా? ఐదో బొడిపెను కన్ను మూసుకొని పట్టిన మనిషి. పొయ్యి ఇంట్ల కూసోని చక్కెర కొలుచుకోన్రి."

షెడ్డంతా నవ్వింది. కొమురెల్లి కూడా నవ్వాడు. చంద్రయ్య నవ్వలేదు కానీ, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అచ్యుతరావు కాగితం నాలుగు మడతలు పెట్టి, ఖాళీ గ్లాసు కింద ఉంచి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ రోడ్డు మీద నడకకు రాలేదు. ఆ కాగితంలో శ్యామలమ్మ ఆ సాయంత్రమే ఎవరికో నాలుగు మిర్చీ బజ్జీలు కట్టి ఇచ్చింది.

పెద్ద క్యామ్ ఎక్కింది. బండి హబ్సిగూడ ఎక్కుడును ఒక్క దమ్ములో ఎక్కింది. నిలబడినప్పుడు మాత్రం జ్వరం వచ్చినదానిలా వణికి ఆగిపోబోతుంటే, చంద్రయ్య నిలకడ వేగం కాస్త పెంచాడు. అచ్యుతరావు మాట గుర్తుండే ఉంటుంది, గేరు వేసి, రేసు పెడల్ ముట్టకుండా వదిలి చూశాడు. బండి కదలలేదు. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, ముక్కు ఎక్కుడు వైపు ఉంది. "సూసినవా అక్కా, కదలలే," అన్నాడు. కొమురెల్లికి కూడా అదే చెప్పాడు. రేసు తొక్కకుంటే ఇది కదలదు, నువ్వు ఫికర్ పడకు.

దసరా నాడు పూజ పెట్టుకున్నారు. ట్యాంకు ఖాళీ చేసి, లోపలా బయటా కడిగి, బంతిపూల దండలు కట్టారు. షెడ్డు ముందు చదునుగా ఉన్నచోట నిలిపారు. చంద్రయ్య షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా కట్టిన ఇంజన్‌ను పూజకు ఒకసారి స్టార్ట్ చేశాక, బండి నిమ్మకాయలు తొక్కి ముందుకు పోయేదాకా ఆపకూడదు. ఆగితే అపశకునం. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పద్ధతి కాదు అది, ఆయన సొంతంగా పెట్టుకున్నది. ముప్పై ఏళ్ళుగా ఎన్ని లారీలు ఆ షెడ్డులోంచి పోయినా అట్లాగే పోయాయి. అవన్నీ క్లచ్ బండ్లు. గేరు తీసి నిలబెడితే ఇంజన్ తిరుగుతున్నా కదలనివి.

ఈ బండికి గేరు పడేటప్పుడు ఒక కుదుపు ఉంది. కొబ్బరికాయ కొట్టగానే కుదుపు లేకుండా సాఫీగా పోవాలని, గేరు ముందే వేసి పెట్టుకొమ్మని చంద్రయ్యే చెప్పాడు. కొమురెల్లి కొత్త చొక్కా తొడుక్కుని సీట్లో కూర్చున్నాడు. ఏడాదిన్నర తర్వాత కూర్చోవడం. రేసు తొక్కకుంటే కదలదన్న నమ్మకంతో, బ్రేకు తొక్కకుండానే గేరు వేసి, దండం పెట్టుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. కింద దుర్గమ్మ అప్పటికే మూడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు ఎడమ చక్రం దగ్గర వంగి ఉంది.

బండి కదిలింది. ఎగిరి దూకలేదు. ఒక జానెడు, అంతే. ఖాళీ బండి చదును మీద నిశ్శబ్దంగా ఒక జానెడు ముందుకు జరిగింది.

దుర్గమ్మ కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

ఆ గోలలో ఎవరో అన్నారు, రేసు తొక్కిండని. మొద్దుకాలు ఈడ్చుకుంటూ సర్దుకుని కూర్చునేసరికి కుడికాలు రేసు మీద పడిందని ఇంకొకరు అన్నారు. కుంటికాలువాడికి బండి ఎందుకు కట్టియ్యాలని మరొకరు చంద్రయ్య మీదే జాలిపడ్డారు. దవాఖానా గడప దాటేసరికి అది నిజమైపోయింది. కొమురెల్లి మొదట కాదన్నాడు. తన కాలు దేని మీదా లేదన్నాడు. రెండు రోజులకు, ఏమో అన్నాడు. వారానికి, నా కాలే అన్నాడు.

చంద్రయ్య ఆ వారమంతా దవాఖానా వరండాలోనే ఉన్నాడు. అన్నం తెచ్చాడు, మందులు తెచ్చాడు, రక్తం ఇచ్చాడు. కాలు తప్పు కాదన్న ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేదు.

శ్యామలమ్మ అన్నీ విన్నది. బండి దానంతటదే తోసుకుంటుందని అచ్యుతరావు చెప్పిన మాట ఆమె చెవిలోనే ఉంది. చెప్పాలంటే, దాని వెనకే తానన్న మాట కూడా చెప్పాలి. నోటికి ఎన్నడూ తాళం వేయని మనిషి, ఆ ఒక్క దానికి వేసింది. పొయ్యి ముందు కూర్చుని, ఎవరన్నా ఆ సంగతి ఎత్తితే పాలు పొంగుతున్నాయని లేచేది.

కొమురెల్లి లారీని తుక్కుకు ఇచ్చేశాడు. ఇచ్చే ముందు చంద్రయ్య పోయి ఇంజన్ విప్పి, ఆ క్యామ్ ఒక్కటి తీసి తెచ్చుకున్నాడు. పోచారంలో పెద్ద కంప్యూటర్ కంపెనీల పక్కన కొత్తగా లేచిన ఇళ్ళ దగ్గర, కొమురెల్లి గేటు కాపలాకు కుదిరాడు. దుర్గమ్మ ఎడమచేత్తో ముగ్గు వేయడం నేర్చుకుంది.

తర్వాత చంద్రయ్యలో ఒక మార్పు వచ్చింది. జగన్మోహన్ దుకాణం నుంచే కొలత పరికరం కొనుక్కొచ్చాడు. ఏ కడ్డీ వచ్చినా బొటనవేలు పెట్టడం మానేసి, దాంతో కొలిచి, రెండోసారి కొలిచి, కాగితం మీద రాయించుకునేవాడు. ముసలితనం వచ్చింది, చెయ్యి మీద నమ్మకం పోయిందని పక్క షెడ్లవాళ్ళు అనుకున్నారు. దసరా పూజకు ఇంజన్ ఆపి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాకే నిమ్మకాయలు పెట్టనిచ్చేవాడు. అపశకునం కాదా అని ఎవరన్నా అడిగితే శ్యామలమ్మ వైపు చూసేవాడు. ఆమె గ్లాసులు కడుక్కునేది. ఒకే రోడ్డుకు అటూ ఇటూ, ఏడేళ్ళు వాళ్ళిద్దరూ అట్లాగే గడిపారు.

ఉప్పల్ రింగురోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి. తెలంగాణ వచ్చింది. ఆ రోజు షెడ్లన్నీ రంగులు చల్లుకున్నాయి, శ్యామలమ్మ అందరికీ ఊరికే చాయ్ పోసింది. చంద్రయ్య షెడ్డు తెరవలేదు. నలభై ఏళ్ళ పొగ ఊపిరితిత్తుల్లో గూడు కట్టిందని, ఇంక పెద్దగా చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపించారు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం రమ్మని ఆమెకు కబురు పెట్టాడు.

మల్లాపూర్‌లో ఇల్లు. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఒళ్ళో పాత లుంగీలో చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది. విప్పకముందే అదేమిటో ఆమెకు తెలిసింది.

మాట్లాడితే ఆయాసం వస్తుంది, ఊరుకొమ్మంది. చంద్రయ్య ఊరుకోలేదు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"అక్కా, ఆ రోజు సప్పుడు నా చెవులనే ఉన్నది. రేసు తొక్కితే ఇంజన్ సప్పుడు పెరగాలె. పెరగలే. ఎట్లున్నది అట్లనే ఉండె. బండి కదిలింది. నాకు అప్పుడే ఎరుకైంది. ఆమె చెయ్యి ఇంకా చక్రం కిందనే ఉంది, నాకు ఎరుకైంది. నా చెవి నాకు చెప్పింది, నేను నోరు మూసుకున్న."

శ్యామలమ్మ గోడ వైపు చూసింది. ఏడేళ్ళయింది తమ్మీ, ఇప్పుడు తవ్వి ఏం లాభం అని అనబోయింది. ఎవరి నోరైనా మూయించగల నోరు అది. దాంట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ సారు కాయితంల నేను మిర్చీలు గట్టిన."

"తెలుసు. చూసిన."

"నువ్వు ఆ నిమ్మళపు క్యామ్ మీద చెయ్యి పెట్టినవు. నేను సారును ఎక్కిరియ్యకపోతే నువ్వు అదే ఏస్తుంటివి."

"నువ్వు ఎక్కిరించినవు. ఏసింది నేను," అన్నాడు చంద్రయ్య.

బయట వాన చూరు మీంచి బకెట్‌లో పడుతోంది. మొన్న పోచారం నుంచి వచ్చిన మనిషొకడు కొమురెల్లి సంగతి చంద్రయ్యకు చెప్పాడట. గేటు తీస్తాడు, మూస్తాడు. ఏ బండి వచ్చినా దాని ముందు నిలబడడు, గోడకు ఆనుకుంటాడు. ఎవరన్నా కారు కాస్త పక్కకు జరపమని తాళాలు చేతికిస్తే, తన కాలు మంచిది కాదని చేతులు జోడిస్తాడట. తన రెండు కాళ్ళలో మంచిగున్నదాన్ని చూపించి చెప్తాడట.

ఆ మాట చెప్పి చంద్రయ్య చాలాసేపు దగ్గాడు. శ్యామలమ్మ నీళ్ళు తాగించింది. ఆయన లుంగీ మూటను ఆమె ఒళ్ళోకి నెట్టాడు. బరువుగా ఉంది. అనుకోకుండా ఆమె బొటనవేలు గుడ్డ మీంచి ఒక బొడిపెను తాకింది. ఆమెకు ఏమీ తెలియలేదు, అది ఉత్త ఇనుము.

"దీన్ని పట్టుకపో అక్కా. కొమురెల్లి ఇంటికి పో. దుర్గమ్మ ఉన్నప్పుడే పో, ఆమె ముందటనే జెప్పు. చంద్రయ్య మాఫీ అడిగిండని మొదలు వెట్టకు. ముందుగాల, నీ కాలు దేని మీద లేకుండె, నీ కాలు తప్పు లేదు అని జెప్పు. ఆయన నమ్మేదాక జెప్పు. నీ నోరు గట్టిది, నమ్మించు. ఆ తర్వాత నా పేరు జెప్పు."